మూడో మలుపు దగ్గర పొద

వేసవి చివర్లో నేను బ్లాక్‌బెర్రీలు కోసుకోవడానికి వెళ్ళే కాలిబాటలో మూడు మలుపులున్నాయి. మొదటి మలుపు దగ్గర పొద చూడ్డానికి ఘనంగా ఉంటుంది, పండు ఒక్కోటి బొటనవేలి కొసంత, నోట్లో వేసుకుంటే మాత్రం నీళ్ళు, అంతే. రెండో మలుపు దగ్గరది ఎంత పండినా పులుపే, కళ్ళు మూసుకుపోయే పులుపు. మూడో మలుపు దాటి పది అడుగులు వేస్తే ఎడమ చేతివైపు పాత కంచె మీద వాలిపోయి ఇంకో పొద ఉంది. పండు చిన్నది, గింజలు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి, కోసినంతసేపూ మోచేతి దాకా గీరుకుంటూనే ఉంటుంది. నేను వెళ్ళేది దాని కోసమే. ఎనిమిదేళ్ళుగా వెళ్తున్నాను.

ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు ఫొటోలు పంపిస్తుంటారు. రోడ్డు పక్కనో పార్కులోనో కనబడిన ఏదో ఎర్రటి గుత్తి, కింద ఒక ప్రశ్న: ఇది తినొచ్చా? నేను దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు ఇస్తాను, వచ్చే ఏడాది చెప్తాను అని. వేళాకోళం చేస్తున్నాననుకుంటారు కొందరు, పొగరనుకుంటారు కొందరు. అదేం కాదు, నిజంగానే అంటున్నాను. అడవి పండ్ల విషయంలో పేరు తెలుసుకోవడం చాలా చిన్న పని, అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది, పొదను తెలుసుకోవాలి, దానికి కనీసం ఒక ఏడాది పడుతుంది, ఇది నా వాదన. ఫోన్‌లో ఆప్ తెరిచి, పండుకేసి చూపించి, వచ్చిన పేరు చదివి, చెయ్యి చాపే పద్ధతి మీద నాకున్న కోపం కూడా అందుకే.

కోపానికి ఒక కథ ఉంది. రెండేళ్ళ క్రితం మా మేనకోడలు నాతో వచ్చింది. చురుకైన పిల్ల, నాకన్నా ముందు నడుస్తుంది. ఒక చెట్ల నీడలో నడుమెత్తు మొక్క దగ్గర ఆగి, "మామయ్యా, ఇవి కామంచి పళ్ళట, ఆప్ తినొచ్చంటోంది" అని కేకేసింది. నేను వెళ్ళేసరికి ఒకటి తెంపి చేతిలో పట్టుకుని ఉంది. నల్లగా, అద్దంలా మెరుస్తూ, చెర్రీ అంత పండు. "ఆగమ్మా, ముందు అది కింద పడేయ్" అన్నాను. నా గొంతు మామూలుగా లేదేమో, వెంటనే పడేసింది.

కామంచి పండు బఠాణీ గింజంత ఉంటుంది. ఒక చిన్న కాడకు నాలుగైదు కలిసి గుత్తిగా వేలాడతాయి. మా పిల్ల తెంపిన మొక్కకు పండ్లు విడివిడిగా ఉన్నాయి, ఆకు మొదట్లో ఒక్కోచోట ఒక్కటే. పైగా ప్రతి పండు వెనకా ఐదు కోణాల ఆకుపచ్చ ముచ్చిక, వంకాయ ముచ్చికలాగే, కాకపోతే పండును పట్టుకుని ఉండకుండా నక్షత్రంలా పూర్తిగా విచ్చుకుని. అది బెల్లడోనా. కామంచికీ వంకాయకీ చుట్టమే, ఒకే కుటుంబం, కానీ అందులో ఉండే అట్రోపిన్ అనే విషం మనిషిని చంపగలదు. కంటి డాక్టర్లు కంటిపాప పెద్దది కావడానికి చుక్కలుగా వేసేదీ ఆ అట్రోపినే. గ్రీకు పురాణాల్లో ఆయుష్షు దారాన్ని కత్తిరించే దేవత అట్రొపోస్ పేరే ఈ మొక్క ప్రజాతికి పెట్టారు, అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్తారు? అన్నిటికన్నా చెడ్డ విషయం, ఆ పండు చేదుగా ఉండదు. కాస్త తియ్యగానే ఉంటుందని రాశారు. చేదుగా ఉంటే ఉమ్మేస్తాంలే అన్న ధైర్యం ఇక్కడ పనిచెయ్యదు.

న్యాయంగా చెప్పాలంటే ఆప్ తప్పు సగమే. మా పిల్ల పండును దగ్గరగా ఫొటో తీసింది, నల్లటి గుండ్రటి వస్తువు ఒకటి తెరనిండా ఉంది, ఆకు లేదు, ముచ్చిక లేదు, కొలత తెలియడానికి పక్కన వేలు కూడా లేదు. అలాంటి ఫొటో చూపిస్తే నేనైనా తడబడతాను. అక్కడే నిలబడి, మొక్క మొత్తం కనబడేలా, ముచ్చిక కనబడేలా మళ్ళీ తీయించాను. ఈసారి అదే ఆప్ బెల్లడోనా అని మొదటి వరసలోనే చూపించింది. అంటే దేన్ని చూపించాలో తెలిసినవాడికి ఆప్ సరైన జవాబు ఇస్తుంది, కానీ దేన్ని చూపించాలో తెలిసినవాడికి ఆప్‌తో పనేముంది?

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, చాలామంది అన్నదే. అందరికీ చెయ్యి పట్టుకుని తిప్పి చూపించే పెద్దవాళ్ళు ఉండరు కదా, అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్ళు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని. ఒప్పుకుంటాను. నాకూ ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు చూసి, గీరుకుని, ఒకసారి కడుపు పాడుచేసుకుని నేర్చుకున్నాను. ఆప్ వద్దనడం లేదు నేను. అది చెప్పిన పేరును అడ్రసుగా తీసుకోండి, ఇల్లు చూసినట్టు లెక్కేసుకోవద్దు. పేరు తెలిశాక ఆ మొక్క పువ్వును చూడండి. బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబం, ఐదు రేకులు, తెలుపో లేత గులాబీనో, మధ్యలో కేసరాల కుచ్చు. బెల్లడోనా పువ్వు మురికి ఊదారంగు గంట. పండు దశలో వచ్చే అనుమానం పువ్వు దశలో రానే రాదు. పువ్వు చూడాలంటే మాత్రం మళ్ళీ రావాలి, చాలాసార్లు మరుసటి ఏడాదే రావాలి. నా "వచ్చే ఏడాది చెప్తాను" అన్న జవాబు వెనక ఉన్నది ఇదే.

మధ్యలో చెలామణీ అయ్యే అడ్డదారుల గురించి కూడా ఒక మాట. పిట్టలు తింటే మనమూ తినొచ్చు అంటారు. యూ అనే సతతహరిత చెట్టు ఎర్రటి పండ్లను పిట్టలు ఇష్టంగా మింగుతాయి, చుట్టూ ఉన్న గుజ్జు తప్ప ఆ చెట్టులో మిగిలినదంతా విషం, లోపలి గింజతో సహా. పిట్ట గింజను నమలకుండా మింగి అలాగే వదిలేస్తుంది, మనకు నమిలే అలవాటు. రంగును బట్టి చెప్పొచ్చు అంటారు, తెల్లవి వద్దు, నల్లవి మంచివి అని. పైన చెప్పిన నల్ల పండు సంగతి చూశారుగా. నాలుక మీద పెట్టుకుని చురుక్కుమనకపోతే మంచిదే అంటారు, దాని గురించి మాట్లాడే ఓపిక కూడా నాకు లేదు.

ఒక విషయంలో మాత్రం తెలుగులో ఆలోచించేవాళ్ళకు చిన్న లాభం ఉందనిపిస్తుంది. బెర్రీ అనే మాటే గందరగోళం, వృక్షశాస్త్రం లెక్కలో బ్లాక్‌బెర్రీ బెర్రీ కాదు, రాస్ప్‌బెర్రీ కాదు, స్ట్రాబెర్రీ కాదు, అరటిపండూ టమాటా మాత్రం బెర్రీలు. మనకు ఆ గొడవ లేదు, కాయ, పండు అనే రెండు మాటలతో బండి నడుస్తుంది. అడవిలో పనికొచ్చేది ఆ తేడానే. కామంచి కాయ పచ్చిగా ఉన్నప్పుడు విషం, నల్లగా మాగిన పండు తింటారు. మేయాపిల్ అనే మొక్కలో వేరు, ఆకు, పచ్చికాయ అన్నీ విషమే, బాగా మాగిన పండు ఒక్కటే తినదగ్గది, అదీ గింజలు తీసేసి. అంటే మొక్క పేరు సరిగ్గా తెలిసినా ప్రశ్న అలాగే ఉండిపోతుంది. కాయా, పండా? ఈ ప్రశ్నకు ఫొటో కన్నా వేళ్ళు బాగా జవాబు చెప్తాయి.

వేళ్ళ సంగతి బ్లాక్‌బెర్రీతో చెప్తాను, అది నాకు బాగా తెలిసినది. నిగనిగలాడే నలుపు చూసి కొత్తవాళ్ళందరూ మోసపోతారు, నేనూ మోసపోయాను. మెరుస్తున్నది ఇంకా పండలేదు. రెండు మూడు రోజులాగితే ఆ మెరుపు పోయి, పైన సన్నటి మసి పట్టినట్టు మందమైన నలుపు వస్తుంది, ఒక్కో ముత్యం కాస్త ఉబ్బుతుంది. అప్పుడు బొటనవేలూ చూపుడువేలూ ఆనించి కొంచెం పక్కకు వంచితే చాలు, అరచేతిలోకి జారుతుంది. లాగాల్సి వచ్చిందంటే వదిలెయ్యండి, ఇంటికి తెచ్చి మాగబెడదామంటే కుదరదు, కోశాక ఇది మాగదు, మెత్తబడుతుంది అంతే. గుత్తిలో కొసన ఉన్నది ముందు పండుతుంది, అదే పెద్దది. కోసినప్పుడు మధ్యలోని తెల్లటి బొడ్డు పండుతోపాటే వస్తే బ్లాక్‌బెర్రీ, బొడ్డు కొమ్మ మీదే ఉండిపోయి పండు టోపీలా బోలుగా ఊడివస్తే రాస్ప్‌బెర్రీ జాతి. ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి గుచ్చుకోగానే చెయ్యి వెనక్కి లాక్కుంటే ఇంకా లోతుగా దిగుతాయి, ఒక్క క్షణం ముందుకే నెట్టి అప్పుడు తప్పించాలి. ఇది రాస్తే సులువుగానే ఉంది, నాకు మూడు వేసవులు పట్టింది.

ఇప్పుడు నా వాదనలో నాకు బాగా నచ్చిన భాగం. మూడు మలుపుల దగ్గర మూడు రుచులు అన్నాను కదా, చాలాకాలం అది ఎండ వల్లో మట్టి వల్లో అనుకున్నాను. కొంత వాటివల్ల కూడా. కానీ బ్లాక్‌బెర్రీ అని మనం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి ఒక్క మొక్క కాదు. వీటిలో చాలా రకాలకు ఒక వింత గుణం ఉంది, పుప్పొడి తగిలినా తండ్రి పోలిక గింజలోకి రాదు, గింజలోంచి మొలిచేది తల్లికి అచ్చుగుద్దిన నకలు. దానివల్ల ఎక్కడో ఒకచోట పుట్టిన చిన్న తేడా తరతరాలుగా అలాగే నిలిచిపోతుంది. బ్రిటన్‌ ఒక్కచోటే ఇలాంటి సూక్ష్మజాతులు 300కు పైగా లెక్కపెట్టారు. వీటిని చదవడానికి బాటాలజీ అని ఒక శాస్త్రమే ఉంది, ముళ్ళపొదల శాస్త్రం. ఆ శాస్త్రజ్ఞులు కూడా ఒక ఎండుకొమ్మ చూసి ఇది ఫలానా అని చెప్పడానికి తిప్పలు పడతారట, ఆకు అడుగున నూగు, ముళ్ళ వంపు, రేకుల రంగు అన్నీ కావాలి. ఇంక ఫోన్ చెప్పే "బ్లాక్‌బెర్రీ" అన్న ఒక్క మాట ఎంత పెద్ద గంపో చూడండి, అందులో నా మొదటి మలుపు నీళ్ళ పండూ ఉంది, రెండో మలుపు పులుపూ ఉంది, మూడోదీ ఉంది. నాకు కావలసింది మూడోది. దానికి పేరు లేదు, ఉన్నా నాకు తెలీదు, ఎడమవైపు కంచె అన్నదే దాని పేరు.

పేర్లు ఎంత మోసం చేస్తాయో అనడానికి హిమాలయన్ బ్లాక్‌బెర్రీని మించిన ఉదాహరణ లేదు. అమెరికాలో లూథర్ బర్బాంక్ అనే మొక్కల పెంపకందారు 1885లో భారతదేశం నుంచి తెప్పించుకున్న గింజల్లోంచి లావాటి పండ్లు కాసే రకం ఒకటి దొరికితే, హిమాలయాల నుంచి వచ్చిందనుకుని హిమాలయా జెయింట్ అని పేరు పెట్టి అమ్మాడు. ఆ మొక్క పుట్టిల్లు ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతం. హిమాలయాలకూ దానికీ సంబంధం లేదు. ఇప్పుడది అమెరికా వాయవ్య తీరమంతా అల్లుకుపోయి అక్కడి సొంత మొక్కలను మింగేస్తోంది, వదిలించుకోలేక తల పట్టుకుంటున్నారు, పేరు మాత్రం హిమాలయమే.

అడవి పండు తోట పంటగా మారిన కథలోనూ పొదను ఎరిగినవాళ్ళే ముందున్నారు, నాకు చాలా ఇష్టమైన కథ ఇది. బ్లూబెర్రీ తోటలు అనేవి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు లేవు, అడవిలో ఏరుకోవడమే. పెంచాలని చూసినవాళ్ళలో చాలామంది మంచి ఎరువు నేలలో నాటి చంపేశారు. ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త దానికి పుల్లటి నేల, అంటే ఆమ్ల గుణమున్న నేల కావాలని కనిపెట్టి 1910లో ప్రచురించాడు. న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ తోటల కుటుంబంలో పుట్టిన ఎలిజబెత్ వైట్ అది చదివి, 1911 నుంచి ఆయనతో కలిసి పనిచేసింది. నేల ఆయన కనిపెట్టాడు సరే, నాటడానికి మంచి పొద ఏది? అది ఏ శాస్త్రవేత్తకూ తెలియదు, ఏటా ఆ అడవుల్లో ఏరుకునేవాళ్ళకే తెలుసు. ఆవిడ వాళ్ళకు కొలత రేకులు ఇచ్చింది, వాటికి ఒక అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్ల రంధ్రం. ఈ రంధ్రంలో పట్టనంత పండు కాసే పొద చూపించినవాళ్ళకు డబ్బులు, పైగా ఆ పొదకు వాళ్ళ పేరే పెడతానంది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద అలా రూబెల్ అయింది, ఆ రకాన్ని ఇప్పటికీ పెంచుతున్నారు. 1916లో మొదటి తోట పంట అమ్ముడైంది. షాపు ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ డబ్బాలో కనిపించే బ్లూబెర్రీల వెనక, ఫలానా వంపు దగ్గర ఫలానా పొద పెద్ద కాయ కాస్తుందని గుర్తుపెట్టుకున్నవాళ్ళ జ్ఞాపకం ఉంది. వాళ్ళెవరికీ లాటిన్ పేరు తెలిసి ఉంటుందని నేననుకోను.

అందుకే చోటు చెప్పమంటే నేను చెప్పను. ఈ మాటకు తిట్లు పడతాయని తెలుసు, పడనీ. అడవి పండు అందరిదీ అన్నమాట నిజమే. స్వీడన్‌లో, ఫిన్‌లాండ్‌లో ఎవరి అడవిలోనైనా సరే వెళ్ళి బెర్రీలు ఏరుకునే హక్కు అందరికీ ఉంది, ఇంటి ఆవరణలూ పంటచేలూ తప్ప. ఇంగ్లండ్‌లో 1968 నాటి దొంగతనాల చట్టమే చెప్తుంది, తనంతట తాను పెరిగిన మొక్క నుంచి పండ్లు కోసుకుంటే దొంగతనం కాదు, అమ్ముకోవడానికి కోస్తే అవుతుంది అని. ఆ గీత నాకు నచ్చింది. మరో దేశంలో మరో గీత ఉంటుంది, రక్షిత అడవుల్లో అసలు చెయ్యే పెట్టకూడదు, వెళ్ళే ముందు కనుక్కోవడం మన పని. హక్కు అందరిదీ అయినంత మాత్రాన మ్యాప్‌లో పిన్ను గుచ్చి వేలమందికి పంపాలని లేదు. హక్కు ఒకటి, పట్టుబట్టి సంపాదించిన జ్ఞాపకం ఒకటి. మొదటిది అందరికీ పంచొచ్చు, రెండోది పంచినా అవతలివాళ్ళకు చేరదు, చేరేది అడ్రస్ మాత్రమే, అడ్రస్ పట్టుకుని వచ్చినవాళ్ళు చేసేదేమిటో చూశాను.

రెండేళ్ళ లెక్క తెలియనివాళ్ళు వస్తారు. బ్లాక్‌బెర్రీ కొమ్మ మొదటి ఏడు పువ్వు పెట్టదు, కాయదు, ఊరికే పొడుగ్గా పచ్చగా పెరుగుతుంది. రెండో ఏడు పూస్తుంది, కాస్తుంది, ఎండి చచ్చిపోతుంది. అంటే పండ్లున్న కొమ్మ ఈ ఏటితో సరి, పక్కనే అడ్డంగా పడి ఉన్న ఏమీ లేని పచ్చకొమ్మ వచ్చే ఏటి పంట. పండ్ల మీదే కన్నున్నవాళ్ళు దారికి అడ్డం వస్తోందని తొక్కేదీ విరిచేదీ ఆ పచ్చకొమ్మనే. పొద ఉసూరుమంటూ నిలబడుతుంది, మరుసటి ఏడు ఏమైందీ పొదకు అనుకుంటారు. ఒక్కసారి వచ్చి పోయేవాళ్ళకు ఇది తెలిసే దారే లేదు.

ఇంటికి తెచ్చాక సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎక్కువేం లేదు. కుక్కలు కాలెత్తి తడిపేంత ఎత్తులో ఉన్నవి కోయకండి. రైలు పట్టాల పక్కన, మందు కొట్టే పొలాల గట్ల మీద ఎంత బావున్నా కోయకండి. తినే ముందే కడగండి, ముందే కడిగి పెడితే బూజు. ఉప్పునీళ్ళలో కాసేపు వేస్తే సన్నటి తెల్ల పురుగులు తేలొచ్చు, 2008 నుంచి అమెరికాలోనూ యూరప్‌లోనూ పాకిన ఒక పండు ఈగ పిల్లలవి, పండిన పండుకే గాటు పెట్టి గుడ్లు పెడుతుంది. మా మేనకోడలు అది చూసి వారం రోజులు బ్లాక్‌బెర్రీ ముట్టుకోలేదు. నేను చూడకుండా తినేవాణ్ణి, ఇప్పుడు చూసి తింటున్నాను, రుచిలో తేడా ఏమీ లేదు.

రెండు గంటలు కోస్తే నాకు కిలోన్నర వస్తుంది, మంచి ఏడాదైతే. డబ్బు లెక్కలో చూస్తే ఇది ఎవరికీ గిట్టే పని కాదు. బతుకుతెరువుగా ఏరేవాళ్ళ పరిస్థితి వేరు, స్వీడన్, ఫిన్‌లాండ్ అడవుల్లో ఏరడానికి థాయ్‌లాండ్ నుంచి ఏటా వేలమంది అప్పులు చేసి వస్తూ వచ్చారు, కొందరు ఆ అప్పు కూడా తీరకుండానే తిరిగి వెళ్ళారు. వాళ్ళ చేతుల వేగం ముందు నాది ఆట. కాబట్టి అడవి పండు ఉచితం, ఉత్తినే వస్తుంది అని ఎవరైనా మురిసిపోతే నాకు కొంచెం చిరాకు.

ఈ వేసవి ఆ దారి వెడల్పు చేశారు. నేను వెళ్ళేసరికి పాత కంచె లేదు, మూడో మలుపు కూడా సగమే మిగిలింది, తెల్లగా కోసిన మొదళ్ళు నేలలో కనబడుతున్నాయి. ఎనిమిదేళ్ళ పొద. మొదటి మలుపుకి తిరిగొచ్చి ఆ నీళ్ళ పండ్లే ఒక గుప్పెడు కోసుకుని ఇంటికొచ్చాను, ఎవరికీ చెప్పలేదు. మా పిల్లే అడిగింది, ఏంటి మామయ్యా ఇవాళ బుట్ట ఖాళీ అని. చెప్తే, పొడుగు కొమ్మలు వంగి కొస నేలకు తగిలినచోట వేళ్ళు వేస్తాయని నువ్వే చెప్పావుగా, కంచెకు అవతల చూశావా అంది.

చూడలేదు. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. కంచె ఉన్న చోటికి అవతల, గడ్డిలో, రెండడుగుల దూరంలో ఒక మొలక, ఐదారు ఆకులు, ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. తను వెంటనే ఫోన్ తీసింది. ఆప్ కోసం కాదు, గుర్తుకోసం, పక్కనున్న రాయి కూడా పడేలా ఒక ఫొటో తీసుకుంది. ఆ కొమ్మ ఈ ఏడు కాయదు.